చీరల షోరూమ్ అద్దం: రెండర్ టైమ్ తగ్గించి, అద్దాన్ని అద్దంలా చూపించిన కేస్ స్టడీ

హనుమకొండలో హంటర్ రోడ్డు మీద కట్టబోతున్న ఒక పట్టుచీరల షోరూమ్‌కు త్రీడీ బొమ్మలు చేసే పని మా చిన్న స్టూడియోకు వచ్చింది. బిల్డింగ్ దక్షిణ ముఖం. ముందువైపు కింది నుంచి పై అంతస్తు దాకా 12 ఎంఎం టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన గాజు), స్పైడర్ ఫిట్టింగుల మీద, అంటే అద్దాల మూలలను పట్టే స్టీల్ చేతుల మీద. మెట్లకు, ప్లింత్‌కు కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్. లోపల గాజు కౌంటర్లు, ర్యాకులకు గాజు షట్టర్లు, మెజనైన్‌కు (సగం అంతస్తుకు) గాజు రెయిలింగ్, నడిమధ్యలో పెద్ద షాండ్లియర్. ఎటు తిరిగినా గాజే.

ఓనర్ అడిగినవి మూడు వ్యూలు: పగటిపూట రోడ్డు మీద నుంచి ఎలివేషన్ (బిల్డింగ్ ముందు ముఖం), చీకటి పడుతుండగా లైట్లన్నీ వేసిన ఎలివేషన్, లోపల నిలబడి రోడ్డువైపు చూసే వ్యూ. శ్రావణ మాసంలో ఓపెనింగ్. ఫ్లెక్సీలకు, బ్రోచర్‌కు ఇవే బొమ్మలు వాడతారు.

మోడల్ ఆర్కిటెక్ట్ దగ్గర నుంచి స్కెచప్‌లో వచ్చింది. దాన్ని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, అందులోని సైకిల్స్ రెండరర్‌తో రెండర్ చేశాం, అంటే వెలుగు లెక్కలు కట్టించి మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చాం. ప్రతి అద్దానికీ 12 ఎంఎం మందం ఉన్న డబ్బాలాంటి ఆకారం, దానికి రెడీమేడ్ లైబ్రరీ నుంచి వచ్చిన గ్లాస్ మెటీరియల్, ఐఓఆర్ (వక్రీభవన గుణకం, గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.5. ఫిజిక్స్ ప్రకారం తప్పేమీ లేదు. కానీ లోపలి వ్యూ రాత్రంతా రెండర్‌కు పెట్టినా నేల నిండా తెల్ల చుక్కలే. డీనాయిజర్ (చుక్కలను తుడిచే టూల్) వేస్తే చుక్కలు పోయి మరకలు మిగిలాయి. పగటి ఎలివేషన్‌లో అద్దాలు కొన్ని నల్లగా, కొన్ని మసగ్గా. ఓనర్ ఫోన్లో చూసి ఒక్కటే మాట అన్నారు: “తమ్మీ, ఇది అద్దం లెక్క లేదు. పాలిథిన్ కవర్ కప్పినట్టుంది.” ఆయన అన్నది నూటికి నూరు పాళ్లు నిజం.

టైమ్ ఎక్కడ పోతోంది

శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు పంపే కిరణాల సంఖ్య) పెంచే ముందు ఒక పరీక్ష చేశాం. సీన్‌లో గాజు మొత్తం హైడ్ చేసి, మిగతా సెట్టింగులన్నీ అట్లాగే ఉంచి రెండర్ చేస్తే బొమ్మ శుభ్రంగా వచ్చింది. ముందరి అద్దాలు మాత్రమే ఆన్ చేస్తే చుక్కలు తిరిగొచ్చాయి. వాటిని ఆఫ్ చేసి కౌంటర్లు, షట్టర్లు ఆన్ చేస్తే చుక్కలు లేవు గానీ రెండర్ నెమ్మదించింది, కౌంటర్ల వెనక నల్ల ప్యాచ్‌లు వచ్చాయి. అంటే గాజు పేరుతో ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. రెండింటికీ మందు ఒకటే అనుకుంటే ఎన్ని శాంపిల్స్ పెంచినా దండగే.

ముందు చుక్కల సంగతి. సైకిల్స్ వాడే పాత్ ట్రేసింగ్ పద్ధతిలో కెమెరా నుంచి బయల్దేరిన కిరణం నేలను తాకగానే, రెండరర్ అక్కడి నుంచి సూర్యుడి వైపు ఒక షాడో రే పంపుతుంది. మధ్యలో అడ్డం ఏదైనా ఉందా అని అడగడం దాని పని. దారిలో వక్రీభవనం చేసే, అంటే కాంతిని వంచే గాజు ఉంటే జవాబు “ఉంది” అనే వస్తుంది. గాజులో కిరణం వంగుతుంది కాబట్టి సూర్యుణ్ణీ నేలనూ ఒక్క సరళరేఖతో కలపడం కుదరదు. అట్లా నేరుగా రావాల్సిన ఎండ లెక్కలోంచి పోయింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. నేల నుంచి ఏదో ఒక దిక్కుకు పోయిన కిరణం అద్దంలోంచి బయటికెళ్లి, అదృష్టం కొద్దీ సూర్యుడికే తగలాలి. ఆకాశంలో సూర్యుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. ఆకాశం మొత్తంలో అది ఆక్రమించే చోటు సుమారు లక్షలో ఒక వంతు. ఎప్పుడో ఒక కిరణం తగిలితే ఆ పిక్సెల్ ఒక్కటే భగ్గుమంటుంది. ఆ తెల్ల చుక్కలు అవే. శాంపిల్స్ నాలుగు రెట్లు చేస్తే నాయిజ్ (ఆ చుక్కల గోల) సగమే తగ్గుతుంది కాబట్టి ఈ దారిన పోతే రాత్రులు సరిపోవు. పోనీ కాస్టిక్స్ (గాజులోంచి వంగి వచ్చే, గాజు మీద నుంచి తిరిగి వచ్చే వెలుగు లెక్క) ఆఫ్ చేద్దామంటే చుక్కలతో పాటు ఎండ కూడా పోతుంది, షోరూమ్ గోడౌన్‌లా చీకటైపోతుంది.

వక్రీభవనం వల్ల కనిపించే తేడా ఎంత?

ఈ లెక్క ఒకసారి వేసుకుంటే ఇక జీవితంలో ఎలివేషన్ అద్దానికి వక్రీభవనం పెట్టబుద్ధి కాదు. పలకలాంటి అద్దంలోకి కిరణం వెళ్లేటప్పుడు ఎంత వంగుతుందో, బయటికి వచ్చేటప్పుడు అంతే వెనక్కి వంగుతుంది. కాబట్టి దిశ మారదు, కాస్త పక్కకు జరుగుతుందంతే. ఎంత జరుగుతుంది? 12 ఎంఎం అద్దం, ఐఓఆర్ 1.5, కిరణం 45 డిగ్రీల ఏటవాలుగా వస్తే జరిగేది సుమారు 4 ఎంఎం.

మా ఎలివేషన్ వ్యూలో 15 మీటర్ల వెడల్పు 3840 పిక్సెళ్లలో పడుతోంది. ఒక్కో పిక్సెల్ దాదాపు 3.9 ఎంఎం. అంటే ఏటవాలుగా చూసినా అద్దం వెనక ఉన్న బొమ్మ జరిగేది ఒక్క పిక్సెల్. ఎదురుగా చూస్తే అదీ లేదు. ఆ ఒక్క పిక్సెల్ కోసం మొత్తం ఎండను బలి ఇస్తున్నాం.

కనుక ముందరి అద్దాలకు వక్రీభవనం పూర్తిగా తీసేశాం. డబ్బా ఆకారాలు తీసేసి ఒక్కో అద్దానికి ఒకే పలుచని ప్లేన్ పెట్టాం. మెటీరియల్‌లో రెండే షేడర్లు (ఉపరితలం వెలుగును ఏం చేయాలో చెప్పేవి): కాంతిని నేరుగా వదిలే ట్రాన్స్‌పరెంట్, ప్రతిబింబం చూపే గ్లాసీ. రెండింటినీ మిక్స్ షేడర్‌తో కలిపి, ఫ్యాక్టర్‌కు ఫ్రెనెల్ నోడ్ ఇచ్చాం, చూసే కోణాన్ని బట్టి ప్రతిబింబం ఎంత ఉండాలో లెక్కకట్టేది అది. గ్లాసీ రఫ్‌నెస్ సున్నా. ట్రాన్స్‌పరెంట్ రంగు ఎరుపు 0.90, ఆకుపచ్చ 0.94, నీలం 0.92. మామూలు ఫ్లోట్ గ్లాస్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి కొంచెం ఆకుపచ్చ జీర తప్పదు. ట్రాన్స్‌పరెంట్ షేడర్ షాడో రేను వంచదు, ఆపదు. తన రంగు మేరకు తగ్గించి వదిలేస్తుంది. ఎండ నేరుగా నేలమీద పడింది, చుక్కలు పోయాయి. ఇక ఆ రెండు రకాల కాస్టిక్స్ ఆఫ్ చేసినా నష్టం లేదు.

ఇక్కడ రెండు సంగతులు జాగ్రత్తగా చూసుకోవాలి.

ఒకటి, ప్రతిబింబం బలం. గాజు ఒక్క ఉపరితలం నుంచి, ఎదురుగా చూసినప్పుడు, దాదాపు 4 శాతం కాంతి వెనక్కి వస్తుంది. అసలు అద్దానికి ముందు, వెనక రెండు ఉపరితలాలు ఉంటాయి, కాబట్టి మొత్తం సుమారు 8 శాతం. మనం పెట్టింది ఒకే ప్లేన్ కనుక ఐఓఆర్ 1.5 అలాగే ఉంచితే ప్రతిబింబం సగానికి పడిపోతుంది, అద్దం ఉందో లేదో తెలియదు. ఒక్క ఉపరితలం నుంచే 8 శాతం రావాలంటే ఫ్రెనెల్ నోడ్‌లో 1.77 ఇవ్వాలి. డబుల్ గ్లేజింగ్ అయితే నాలుగు ఉపరితలాలు, దాదాపు 14 శాతం. దానికి 2.2 సరిపోతుంది.

రెండోది అసలు చిక్కు. సైకిల్స్‌లో ఫ్రెనెల్ నోడ్ ప్లేన్ వెనక వైపు నుంచి చూస్తే, మనం గాజు లోపల ఉన్నామనుకుని ఐఓఆర్‌ను తిరగేస్తుంది. గాజు లోపలి నుంచి 1.5 దగ్గర క్రిటికల్ కోణం 41.8 డిగ్రీలు. అది దాటితే కాంతి మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఐఓఆర్ 1.77 పెడితే ఆ కోణం ఇంకా తక్కువ. ఫలితంగా షోరూమ్ లోపల నిలబడి ఏటవాలుగా చూస్తే రోడ్డు కనపడదు, అద్దం మొత్తం మిర్రర్ అయిపోతుంది. చాలామంది ఇది చూసి ఈ పద్ధతే పనికిరాదని వదిలేస్తారు. మందు చిన్నది. జామెట్రీ నోడ్‌లో బ్యాక్‌ఫేసింగ్ (వెనక వైపు నుంచి చూస్తున్నామా అని చెప్పేది) తీసుకుని, ముందువైపుకు 1.77, వెనక వైపుకు దాన్ని తిరగేసిన 0.565 వచ్చేలా ఐఓఆర్‌కు కలపాలి. అప్పుడు రెండు వైపుల నుంచీ అద్దం ఒకేలా ఉంటుంది.

వేరే రెండరర్లలోనూ ఈ సదుపాయం ఉంది: వీ-రే వాడేవాళ్లకు రిఫ్రాక్షన్ కింద అఫెక్ట్ షాడోస్ ఉంది, కరోనా ఫిజికల్ మెటీరియల్‌లో థిన్ షెల్ ఉంది. లోపల జరిగే పని దాదాపు ఇదే. పేరు ఏదైనా, షాడో రే నేరుగా పోతోందా లేదా అన్నదే చూసుకోవాలి.

కౌంటర్ల వెనక నల్ల ప్యాచ్‌ల కథ వేరు. సైకిల్స్‌లో ఒక కిరణం వరసగా ఎన్ని గాజు ఉపరితలాలు దాటొచ్చో ఒక పరిమితి ఉంది. రోడ్డు నుంచి చూస్తే ముందరి అద్దం, తర్వాత కౌంటర్ ముందు గాజు, కౌంటర్ వెనక గాజు, ర్యాక్ షట్టర్, పైన రెయిలింగ్. ఇవన్నీ మందం ఉన్న డబ్బాలైతే ప్రతి అద్దానికీ రెండు ముఖాలు, ఆ పరిమితి ఇట్టే అయిపోతుంది. ఆ తర్వాత కిరణం ఆగిపోతుంది, అక్కడ నలుపు. అన్నింటినీ ఒకే ప్లేన్‌కు మార్చేసరికి లెక్క సగమైంది. ట్రాన్స్‌పరెంట్ ఉపరితలాల పరిమితి డీఫాల్ట్‌గా 8, దాన్ని 16కు పెంచి వదిలేశాం. అంతకు మించి పెంచితే గాజు మీద గాజు ఉన్నచోట టైమ్ పెరుగుతుందే తప్ప బొమ్మలో ఏమీ మారలేదు.

ఇంత చేసేసరికి రాత్రంతా నడిచే ఫ్రేమ్ మధ్యాహ్నం భోజనం చేసొచ్చేలోగా అయిపోతోంది.

మిగిలిన టైమ్‌ను ప్రతిబింబం మీద పెట్టాం

అద్దానికి సొంత రూపం అంటూ లేదు. వెనక ఏముందో, ఎదురుగా ఏముందో, ఆ రెండింటిలో ఏది ఎక్కువ వెలుగులో ఉందో, అదే దాని రూపం. షేడర్‌లో ఎంత కష్టపడినా ఎదురుగా ఏమీ లేకపోతే అద్దం ప్లాస్టిక్కే. మొదటి బొమ్మలో జరిగింది అదే. ఎదురుగా మేం మోడల్ చేసింది ఏమీ లేదు. నెట్ నుంచి తెచ్చిన హెచ్‌డీఆర్ఐలో (సీన్ చుట్టూ పరిచి వెలుగు ఇచ్చే 360 డిగ్రీల ఫొటోలో) దూరంగా పైన్ చెట్లు, మబ్బులు. హంటర్ రోడ్డు అద్దంలో పైన్ చెట్లు కనిపిస్తే చూసేవాళ్లకు ఎందుకో చెప్పలేకపోయినా నమ్మకం కలగదు.

సైట్ దగ్గర పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు, అద్దాలు వచ్చే చోట నిలబడి రోడ్డు అవతలి వైపు వరసగా ఫొటోలు తీశాం. ఒక వేపచెట్టు, కరెంటు స్తంభం, తీగలు, రెండు మూడు అంతస్తుల బిల్డింగులు, బోర్డులు. వీటిని హెచ్‌డీఆర్ఐగా వాడలేదు. హెచ్‌డీఆర్ఐ అనంత దూరంలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అవతలి బిల్డింగులు ఉన్నది 30 మీటర్లలోపు. అంత దగ్గరి వస్తువు ప్రతిబింబం ఒక్కో అద్దంలో ఒక్కో చోట పడాలి, అనంత దూరంలో పెడితే ఆ తేడా రాదు. అందుకే ఫొటోలను పెద్ద ప్లేన్ల మీద అతికించి రోడ్డు అవతల అసలు దూరంలోనే నిలబెట్టాం. ఆకాశం భాగం కత్తిరించి ఆల్ఫా (పారదర్శకం) చేశాం. వేపచెట్టును మాత్రం విడిగా ముందుకు పెట్టాం. ఎలివేషన్ వ్యూలకు ఈ ప్లేన్ల రే విజిబిలిటీలో (ఏ కిరణాలకు కనిపించాలో ఎంచుకునే చోట) గ్లాసీ ఒక్కటి ఆన్, కెమెరా, డిఫ్యూజ్, షాడో ఆఫ్. లోపలి నుంచి చూసే వ్యూకు కెమెరా కూడా ఆన్ చేయాలి, ఎందుకంటే ట్రాన్స్‌పరెంట్ దాటిన కిరణం ఇంకా కెమెరా కిరణమే.

తర్వాత అద్దాల వంకర. నక్కలగుట్ట వైపు ఇప్పటికే ఉన్న గాజు ఎలివేషన్ల ముందు నిలబడి చూస్తే ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది: కరెంటు తీగ ప్రతిబింబం ఒక అద్దం నుంచి పక్క అద్దానికి వచ్చేసరికి తెగిపోతుంది. ఏ రెండు అద్దాలూ పక్కాగా ఒకే తలంలో కూర్చోవు. ఒక అద్దం 0.3 డిగ్రీలు ఒరిగితే ప్రతిబింబం దానికి రెట్టింపు, 0.6 డిగ్రీలు తిరుగుతుంది. 30 మీటర్ల అవతల అది 31 సెంటీమీటర్లు. తీగ తెగినట్టు కనిపించడానికి అది చాలు. ప్రతి ప్లేన్‌ను రెండు దిశల్లో 0.3 డిగ్రీల లోపల యాదృచ్ఛికంగా తిప్పాం. రెండర్ టైమ్‌కు దీని ఖర్చు సున్నా. బొమ్మకు ఇచ్చేది మాత్రం చాలా ఎక్కువ. ఈ మొత్తం పనిలో ఒక్కటే చేయమంటే నేను ఇదే చేస్తాను.

టఫెన్డ్ గ్లాస్‌లో ఇంకో గుణం ఉంది. ఫర్నేస్‌లో 600 డిగ్రీలు దాటి వేడెక్కిన అద్దం రోలర్ల మీద ముందుకూ వెనక్కూ కదులుతుంది, మెత్తబడిన చోట సన్నటి అలలు పడతాయి. ప్రతిబింబంలో స్తంభాలు కాస్త వంకర్లు పోవడానికి కారణం అదే. బంప్‌లో (ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉన్నట్టు భ్రమ ఇచ్చే సెట్టింగ్‌లో) ఒకే దిశలో సాగే వేవ్ టెక్స్చర్ పెట్టి, స్ట్రెంత్ కంటికి ఆనీ ఆనకుండా ఉంచాం. అద్దం ఫర్నేస్‌లోకి నిలువుగా పోయిందా అడ్డంగా పోయిందా అన్నదాన్ని బట్టి అలల దిశ మారుతుంది, కాబట్టి కొన్ని అద్దాలకు దిశ మార్చాం. వక్రీభవనం లేదు గనుక ఈ బంప్ ప్రతిబింబాన్నే కదిలిస్తుంది, వెనకున్న చీరలు నిటారుగానే ఉంటాయి. అసలు అద్దంలోనూ చూపు అంతే.

అంచులు మర్చిపోకూడదు. ప్లేన్‌కు మందం లేదు, కానీ తలుపు అంచు, రెయిలింగ్ పై అంచు దగ్గర కంటికి కనిపించేది ఆ ముదురు ఆకుపచ్చ గీతే. అక్కడ మాత్రం 12 ఎంఎం వెడల్పు సన్నటి పట్టీ పెట్టి, ముదురు ఆకుపచ్చ మెటీరియల్ ఇచ్చాం. అద్దాల మధ్య నల్ల సిలికాన్ జాయింట్ కూడా మోడల్ చేశాం.

“పగలు కూడా చీరలు కనపడాలె”

పగటి వ్యూ సరిగ్గా వచ్చాక ఓనర్ నుంచి కొత్త కోరిక. “అన్నీ బాగున్నయ్ తమ్మీ. కానీ పగలు కూడా లోపలి చీరలు కనపడాలె గదా, మనం అమ్మేది అద్దాలు కాదు.” న్యాయమైన కోరికే. కానీ దానికి ఫిజిక్స్ అడ్డం.

లెక్క చూద్దాం. ఎదుటి గోడ మీద 60,000 లక్స్ ఎండ పడుతోందనుకుందాం, గోడ సగం కాంతిని తిప్పి పంపుతుందనుకుందాం. షోరూమ్ లోపల మంచి లైటింగ్ ఉంటే 1,000 లక్స్, చీరలు కూడా సగం తిప్పి పంపుతాయి. అద్దం గోడ వెలుగులో 8 శాతాన్ని చూపిస్తుంది, చీరల వెలుగులో గరిష్ఠంగా 92 శాతాన్ని. గుణిస్తే గోడ ప్రతిబింబం చీరల కంటే ఐదు రెట్లు వెలుగుగా ఉంటుంది. ఈ పరిస్థితిలో ప్రతిబింబాన్ని తగ్గించేసి చీరలను చూపిస్తే, మళ్లీ అద్దం పోయి ఖాళీ కంత మిగులుతుంది.

ప్రతిబింబాన్ని తగ్గించలేదు. దాన్ని నల్లగా మార్చాం. అద్దంలో నీడగా ఉన్న వస్తువు ప్రతిబింబం పడిన చోట లోపలిది బయటపడుతుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే నడుమ ఒకసారి, జులై చివర మళ్లీ ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఓపెనింగ్ శ్రావణంలోనే కాబట్టి జులై చివరి మధ్యాహ్నమే పెట్టాం. అప్పుడు రోడ్డు అవతలి బిల్డింగుల ముఖాల మీద నేరుగా ఎండ పడదు, వేపచెట్టు కింద చిక్కటి నీడ. ఇదే డిసెంబరు మధ్యాహ్నమైతే సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉండి షోరూమ్ అద్దాలనే నేరుగా కొడతాడు.

కెమెరాను కాస్త పక్కకు జరిపి, వేపచెట్టు ప్రతిబింబం సరిగ్గా పట్టుచీరలు కట్టిన షోకేస్ బొమ్మల ముందు పడేలా చూశాం. ఆకుల నీడలో ఎర్రటి చీర, జరీ అంచు తేటగా కనిపించాయి, పక్క అద్దాల్లో ఆకాశం, తీగలు మెరుస్తున్నాయి. కింది భాగంలో ఎండ పడిన రోడ్డు ప్రతిబింబం వల్ల కాళ్ల దగ్గర కొంత తెలుపు తప్పలేదు, అది నిజంగా కూడా అట్లాగే ఉంటుంది. ఈ చెట్టు నిజంగా అక్కడ ఉన్నది కాబట్టే ఈ పని చేశాం. లేని చెట్టును తెచ్చి పెట్టి అమ్మడం నాకు ఇష్టం ఉండదు.

సాయంత్రం వ్యూకు ఈ తిప్పలేవీ లేవు. బయట వెలుగు తగ్గగానే అద్దం తానే తెరుచుకుంటుంది.

షాండ్లియర్ క్రిస్టల్స్‌కు మాత్రం అసలు గ్లాస్ షేడర్, వక్రీభవనం అలాగే ఉంచాం. పలకలు కాని, ముక్కోణాలుగా కోసిన గాజుకు అందమంతా వంపులోనే. అవి ఎండకు అడ్డం లేవు గనుక చుక్కల బెడద పెద్దగా లేదు. మిగిలిన కొద్దిపాటి మెరుపులను ఇండైరెక్ట్ క్లాంప్‌తో (తిరిగి వచ్చిన వెలుగుకు పై హద్దు పెట్టే సెట్టింగ్‌తో) అణిచాం. క్లాంప్ మరీ తగ్గిస్తే క్రిస్టల్ తళుకే పోతుంది, చూసుకుని ఆపాలి.

డీనాయిజర్‌గా ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ వాడాం, ఆల్బెడో (వస్తువుల అసలు రంగు), నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో) అనే అదనపు పాసులతో. ముందు జరీని అదే మింగేస్తోందని అనుకునేవాళ్లం. కిరణం అద్దం దాటి నేరుగా చీరను చేరడం మొదలయ్యాక ఆల్బెడో పాస్‌లోకి జరీ డిజైన్ వచ్చింది, డీనాయిజర్ దాన్ని కాపాడింది. బ్రోచర్ ప్రింట్ సైజులో అంచు మీద మామిడిపిందెలు విడివిడిగా కనిపించాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. వంపు గాజుకు, గ్లాస్ బ్రిక్స్‌కు, అంచు మీదే క్లోజప్ పెట్టే వ్యూలకు పనికిరాదు. కెమెరా ఎక్కువ దూరం కదిలే వాక్‌త్రూలో రోడ్డు అవతలి ఫొటో ప్లేన్లు బల్లపరుపుగా దొరికిపోతాయి, అక్కడ ఆ బిల్డింగులను కనీసం మొరటుగానైనా మోడల్ చేయాల్సిందే.

రెండర్ త్వరగా అవుతుండటంతో ఓనర్ మనసులో చాన్నాళ్లుగా నలుగుతున్న ప్రశ్న కూడా తేలిపోయింది. ఆయనకు ముందు నుంచీ నీలం రిఫ్లెక్టివ్ గ్లాస్ మీద మోజు. క్లియర్, గ్రే టింట్, నీలం రిఫ్లెక్టివ్ మూడూ ఒకే కెమెరాలో, పగలు, సాయంత్రం చేసి పక్కపక్కన పెట్టి పంపాం. నీలం అద్దంలో పగలు వేపచెట్టు నీడలో కూడా చీర కనపడలేదు. సాయంత్రం లోపలి వ్యూలో రోడ్డుకు బదులు కౌంటర్లే తిరిగి కనిపించాయి. “కింద క్లియరే పెట్టిద్దాం, పైన ఆఫీసుకు గ్రే చాలు” అన్నారు. గ్లాస్ ఫిట్టర్ అదే ఎలివేషన్ ప్రింట్ తీసుకుని దాని మీదే అద్దాల సైజులు రాసుకున్నాడు.